పనిచోట రంది: ఏ ఉపాయం ఎంతవరకు పనిచేస్తుంది

(హనుమకొండలో వివిధ శాఖల ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు నమస్కారం. మార్చి నెల ముగిసి ఇంకా వారం కాలేదు. బ్యాంకుల నుంచి, ట్రెజరీ నుంచి వచ్చినవారి కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఆ కళ్ళతో, అదీ ఆదివారం పూట, ప్రసంగం వినడానికి వచ్చినందుకు ధన్యవాదాలు. మధ్యలో ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. నిద్ర గురించి కూడా ఈ రోజు మాట్లాడవలసి ఉంది.

ఒత్తిడి అనే మాట మన ఇళ్ళలోకి ఈ మధ్యనే వచ్చింది. మా అమ్మ తరం వారు దాన్ని రంది అనేవారు. "ఊకె రంది పెట్టుకోకు బిడ్డా" అనే మాట వినకుండా ఈ ప్రాంతంలో పెరిగినవారు ఉండరు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉన్నా, దాని వ్యాకరణంలో ఒక చిక్కు ఉంది. రంది ఎప్పుడూ మనమే పెట్టుకుంటాం. మన నెత్తిన బరువు పెట్టింది వేరొకరైనా, వాక్యంలో కర్తలం మనమే అవుతాం. కాబట్టి దించుకోవలసిన బాధ్యత కూడా మనదే అవుతుంది. డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తూ, సెలవు రోజుల్లో దాదాపు ఇరవై ఏళ్ళపాటు వరంగల్, కరీంనగర్ జిల్లాల కార్యాలయాల్లో నేను ఇచ్చిన ఒత్తిడి నివారణ శిక్షణలన్నీ ఆ "పెట్టుకోవడం" మీదే నడిచాయని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ శిక్షణలు ఎలా ఉంటాయో మీకు నేను వేరుగా వర్ణించనక్కరలేదు. పొద్దున ఉప్మా, వడ, తరువాత దీర్ఘశ్వాస, శవాసనం, సానుకూలంగా ఆలోచించడం గురించి గంటసేపు ఉపన్యాసం, భోజనం తరువాత నిద్ర రాకుండా ఒక బెలూన్ల ఆట, సాయంత్రం ఒక ఫీడ్‌బ్యాక్ కాగితం. ఆ కాగితాల మీద "చాలా బాగుంది" అనే గడిలో టిక్కులు చూసుకుని నేను సంతోషంగా ఇంటికి వెళ్ళేవాడిని. ఒకసారి ఒక కార్యాలయంలో కౌంటర్ గుమాస్తాగా పనిచేసే ఒక అమ్మ, ఆ కాగితం నా చేతికిస్తూ అడిగింది: "సార్, మీరు చెప్పిన శ్వాస మంచిగనే ఉన్నది. కని నేను కౌంటర్ల కూసుండి ఒక ముక్కు మూసుకుంటే, ముంగట లైన్ల ఉన్నోళ్ళు నన్ను ఏమనుకుంటరు?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చింది. మరుసటి వారం ఆ కార్యాలయ అధికారి అనుమతి తీసుకుని, ఆమె పక్కన ఒక కుర్చీ వేసుకుని రోజంతా కూర్చున్నాను. ఆ రోజు చూసిన దాని గురించి తరువాత చెబుతాను, ఎందుకంటే దానికి ముందు ఒక లెక్క తేల్చుకోవాలి.

ఒక ఉపాయం పనిచేసిందని మనకు ఎలా తెలుస్తుంది? ఒక బ్యాంకు శాఖలో మార్చి 25న సిబ్బంది ఒత్తిడిని ప్రశ్నావళితో కొలిచామనుకోండి. ఏప్రిల్ మొదటి వారంలో రెండు రోజుల ధ్యాన శిక్షణ ఇచ్చి, 20వ తేదీన మళ్ళీ కొలిచాం. ఒత్తిడి సగానికి తగ్గింది. ధ్యానం గొప్పదే కావచ్చు, కానీ ఆ సగంలో ధ్యానం వాటా ఎంతో, ఖాతాలు ముగిసిపోవడం వాటా ఎంతో ఆ అంకె చెప్పదు. శిక్షణ లేని మరొక శాఖను కూడా అవే తేదీల్లో కొలిచి, రెండింటినీ పక్కపక్కన పెడితేనే సంగతి బయటపడుతుంది. ఏ శాఖకు శిక్షణ ఇవ్వాలో చీటీలు వేసి నిర్ణయిస్తే ఇంకా మంచిది. ఇంత చిన్న జాగ్రత్త పాటించకుండానే ఒత్తిడి నివారణ అనే వ్యాపారం ప్రపంచమంతా పెరిగింది; నేను కూడా అందులో చిన్న వాటాదారునే.

ఆ జాగ్రత్త పాటించినప్పుడు ఏం తేలిందో చూడండి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5,000 మంది ఉద్యోగులను చీటీల పద్ధతిలోనే రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరోగ్య పరీక్షలు, ఒత్తిడి తరగతులు, వ్యాయామ కార్యక్రమాలు అన్నీ అందుబాటులో ఉంచారు. 2019లో వచ్చిన ఫలితాల్లో వైద్య ఖర్చులోగానీ, అలవాట్లలోగానీ, పని ఫలితంలోగానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. యాజమాన్యం మన ఆరోగ్యాన్ని పట్టించుకుంటోందనే నమ్మకం మాత్రం పెరిగింది. అసలు విశేషం మరొకటి ఉంది. అదే సమాచారంలో చీటీల సంగతి పక్కనపెట్టి, కార్యక్రమంలో చేరినవారిని, చేరనివారిని పోలిస్తే, చేరినవారు ఎంతో మెరుగ్గా కనిపించారు. అంటే ముందునుంచే ఆరోగ్యంగా, ఓపికగా ఉన్నవారే అటువంటి తరగతులకు వస్తారు. మీరు కూడా ఒకసారి గుర్తు చేసుకోండి: మీ కార్యాలయంలో యోగా తరగతికి మొదట పేరు ఇచ్చేది ఎవరు? నిజంగా నలిగిపోతున్న మనిషి ఆ సమయానికి ఫైళ్ళు పూర్తిచేస్తూ ఉంటాడు.

బ్రిటన్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2024లో ప్రచురించాడు. ఒత్తిడి నిర్వహణ తరగతులు, మనోధైర్య శిక్షణ, ఫోన్లలో ధ్యానపు యాప్‌లు వంటివాటిలో పాల్గొన్నవారు, పాల్గొననివారికన్నా మెరుగ్గా ఏమీ లేరు. సమాజసేవకు అవకాశం ఇచ్చిన కార్యక్రమాలు ఒక్కటే మినహాయింపుగా కనిపించాయి. ఇది చీటీల పద్ధతిలో జరిగిన పరీక్ష కాదు, ఒకానొక సమయంలో తీసిన ఛాయాచిత్రం వంటిది. ఆ పరిమితిని మరిచి దీన్ని తుది తీర్పుగా చెప్పేవారిని నమ్మవద్దు.

ఇక్కడ ఆగిపోతే నేను రెండో వైపు అన్యాయం చేసినవాడిని అవుతాను. వ్యక్తికి నేర్పే ఉపాయాలన్నీ వట్టివి కావు. 2008లో రిచర్డ్‌సన్, రోత్‌స్టీన్ అనే ఇద్దరు 36 ప్రయోగాత్మక అధ్యయనాలను, వాటిలోని 55 పద్ధతులను కలిపి లెక్కగట్టారు. అందరూ ఎక్కువగా వాడుతున్నది విశ్రాంతి, శ్వాస పద్ధతులను. ఎక్కువ ఫలితం ఇచ్చినది మాత్రం ఆలోచనా తీరును పరీక్షించుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ పద్ధతి. ఆ పద్ధతి అంటే ఏమిటో చిన్న ఉదాహరణ. "సాయంత్రం ఒకసారి నా ఛాంబర్‌కు రా" అని అధికారి ఫోనులో అంటాడు. అప్పటినుంచి సాయంత్రం వరకు ఆ మనిషి మనసులో మెమో వచ్చేస్తుంది, ఇంక్రిమెంటు ఆగిపోతుంది, భూపాలపల్లికి బదిలీ కూడా అయిపోతుంది. తీరా వెళితే, అధికారికి కావలసింది ఒక రిజిస్టరు ఎక్కడుందనే సమాచారం. ఇంతకుముందు ఎన్నిసార్లు ఛాంబర్‌కు పిలిచారు, అందులో ఎన్నిసార్లు మెమో వచ్చింది అని కాగితం మీద రాసుకుని చూడడం, ఆ భయాన్ని సాక్ష్యంతో ఎదుర్కోవడం అభ్యాసంతో వస్తుంది. ఆ పరిశీలనలో తేలిన మరొక సంగతి నన్ను బాగా గుచ్చింది: ఈ పద్ధతికి మరికొన్నింటిని కలిపి కదంబంలా చేస్తే ఫలితం పెరగలేదు, తగ్గింది. నా శిక్షణలో బెలూన్ల ఆటతో సహా ఏడు అంశాలు ఉండేవి.

వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచి చూసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్. ఆరోగ్యరంగ సిబ్బంది మీద 2023లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో 117 అధ్యయనాలు, 11,119 మంది ఉన్నారు. ఆలోచనను సరిదిద్దుకునే పద్ధతులైనా, శ్వాస, ధ్యానం, వ్యాయామం వంటి మనసు మళ్ళించే పద్ధతులైనా ఒత్తిడిని కొన్ని నెలలపాటు, కొన్ని సందర్భాల్లో ఏడాది వరకు తగ్గించవచ్చని అది చెప్పింది. ఆ తరువాతి సంగతి చెప్పడానికి చాలినంత సాక్ష్యం లేదు. కాబట్టి నా లెక్క ఇది: ఇప్పటికే నిద్ర పట్టక, గుండె దడతో బాధపడుతున్న మనిషికి, అర్హత ఉన్న నిపుణుడు వారాల తరబడి నేర్పితే మేలు జరుగుతుంది. కార్యాలయంలోని రెండు వందల మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి ఒక్క రోజు చెబితే జరిగేది భోజనం. ఒత్తిడి దాటి, దిగులు రోజుల తరబడి వదలకపోతే, బతకాలని లేదనిపిస్తే, శిక్షణల కోసం చూడకండి; ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

మంచి ఉద్దేశంతో చేసినా కీడు చేయగల పద్ధతి కూడా ఒకటి ఉంది. పనిచోట ఘోరమైన ప్రమాదం జరిగినప్పుడు, ఒకటి రెండు రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి, చూసినదంతా వివరంగా చెప్పించే ఒక్కసారి సమావేశాలు ఒకప్పుడు చాలా దేశాల్లో తప్పనిసరిగా ఉండేవి. 2002లో కోక్రేన్ సమీక్ష వాటిని పరిశీలించి, తరువాత వచ్చే మానసిక గాయాన్ని అవి నివారించలేదని, కొన్నిచోట్ల పెంచి ఉండవచ్చని చెప్పి, నిర్బంధంగా చేయడం మానుకోవాలని సూచించింది. బొగ్గు గనుల్లో, కాజీపేట వంటి రైల్వే కేంద్రాల్లో పనిచేసేవారికి ఇది అవసరమైన విషయం. ప్రమాదం చూసి వచ్చిన మనిషికి మొదట కావలసినవి నీళ్ళు, ఇంటికి తోడు, మరుసటి షిఫ్టు నుంచి మినహాయింపు. మాట్లాడడం అతను మాట్లాడదలచుకున్నప్పుడు.

ఇప్పుడు పని వైపు వద్దాం. లండన్‌లోని ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. అప్పటివరకు అందరూ గుండెపోటు పెద్ద అధికారుల జబ్బు అనుకునేవారు, నిర్ణయాల బరువంతా వారిదే కదా అని. మైఖేల్ మార్మట్ బృందం లెక్కలు తీస్తే, అట్టడుగు హోదాలోని అటెండర్ల వంటివారిలో గుండెజబ్బు మరణాలు పై హోదా అధికారులలో కన్నా సుమారు మూడు రెట్లు ఉన్నాయి. పొగ తాగడం, రక్తపోటు వంటివన్నీ కలిపినా ఆ తేడాలో సగం కూడా వివరణకు రాలేదు. 1985లో 10,308 మందితో రెండో అధ్యయనం మొదలుపెట్టి చూసినప్పుడు, మిగిలిన తేడాలో ఒక పెద్ద భాగం తన పని మీద తనకు పట్టు లేకపోవడంతో ముడిపడి ఉందని తేలింది. ఏ పని ముందు చేయాలి, ఎప్పుడు లేచి నీళ్ళు తాగాలి, ఏ పద్ధతిలో చేయాలి అనేవాటిలో మనిషికి మాట చెల్లుతుందా లేదా అన్నదే ఆ పట్టు. రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఈ సంగతి చెప్పాడు: పని ఎక్కువగా ఉండడం ఒక్కటే మనిషిని కుంగదీయదు, పని ఎక్కువై పట్టు తక్కువైనప్పుడు కుంగదీస్తుంది. వరినాట్ల రోజుల్లో పొద్దుమూకులు నడుం వంచే రైతుకు అలసట వస్తుంది. కౌంటర్ గుమాస్తాకు వచ్చేది అలసట కాదు, అది వేరు.

దానికి మరో కోణం జోహన్నెస్ సీగ్రిస్ట్ 1996లో చేర్చాడు. పెట్టిన శ్రమకు తగిన జీతం, గౌరవం, ఉద్యోగ భద్రత తిరిగి రాకపోతే ఆ అసమానతే జబ్బుగా మారుతుందన్నాడు. మన దగ్గర ఏళ్ళ తరబడి ఔట్‌సోర్సింగ్‌లో, రెగ్యులర్ ఉద్యోగి పక్క కుర్చీలోనే అదే పని చేస్తున్నవారికి ఈ సిద్ధాంతం చదివి వినిపించనక్కరలేదు. సిరిసిల్ల మరమగ్గాల మీద కూలికి పనిచేసే కార్మికుడి రంది పని ఎక్కువై వచ్చేది కాదు, ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోతే వచ్చేది. అక్కడికి ధ్యాన గురువును పంపడంకన్నా నూలు పంపడం నయం.

పనిగంటల విషయంలో సాక్ష్యం గట్టిగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ఆ కారణంగా 7,45,000 మరణాలు. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలని గీత గీసింది. ఆ గీత కాగితం మీద ఉండగా, ఇంటికి వెళ్ళిన తరువాత రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో అడిగే వివరాలను ఎవరు లెక్కలోకి తీసుకుంటున్నారు? బ్రిటన్‌లో 2022లో 61 సంస్థలు, సుమారు 2,900 మందితో జీతం తగ్గించకుండా వారానికి నాలుగు రోజుల పని ప్రయత్నించాయి. ఆరు నెలల తరువాత 39 శాతం మందికి ఒత్తిడి తగ్గింది. వాళ్ళు తమంతట తాము ముందుకు వచ్చిన సంస్థలు, పోల్చడానికి రెండో గుంపు లేదు. మార్చి, ఏప్రిల్ ఉదాహరణను ఇక్కడ కూడా మరువకండి.

నిద్ర సంగతి చెబుతానన్నాను. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినవారికి షిఫ్టుల బాధ తెలుసు. మన శరీరంలోని గడియారానికి ఆలస్యంగా పడుకోవడం సులభం, ముందుగా పడుకోవడం కష్టం. అందువల్ల షిఫ్టులు పొద్దటి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి, అంటే ముందుకు మారితే శరీరం సర్దుకుంటుంది. వెనక్కి మారితే సతమతమవుతుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక ఖనిజ కర్మాగారంలో వారానికొకసారి వెనక్కి తిరిగే షిఫ్టులను ముందుకు తిప్పి, మార్పును మూడు వారాలకొకసారి చేశారు. 1982లో ప్రచురించిన ఆ ఫలితాల్లో కార్మికుల సంతృప్తి, ఆరోగ్యం, ఉత్పత్తి కూడా మెరుగుపడ్డాయి. ఖర్చు ఏమిటంటే, డ్యూటీ చార్టును తిరగరాయడం.

పై అధికారులకు శిక్షణ ఇవ్వడం గురించి ఒక మాట. ఆస్ట్రేలియాలో అగ్నిమాపక శాఖ అధికారులకు నాలుగు గంటలు మాత్రమే శిక్షణ ఇచ్చారు: కిందివారిలో ఎవరైనా మానసికంగా ఇబ్బంది పడుతుంటే ఎలా పలకరించాలి, సెలవులో ఉన్న మనిషికి ఎలా ఫోను చేయాలి. 2017లో వచ్చిన ఫలితాల్లో, ఆరు నెలల తరువాత ఆ అధికారుల కింద పనిచేసేవారిలో పని కారణంగా పెట్టే జబ్బు సెలవులు తగ్గాయి. నేను ఇరవై ఏళ్ళు శిక్షణలిచ్చిన కార్యాలయాల్లో అధికారి జ్యోతి వెలిగించి, రెండు మాటలు మాట్లాడి, "కంటిన్యూ చేయండి" అని వెళ్ళిపోయేవారు. కూర్చోవలసినవారు వారే అని నాకూ తోచలేదు.

ఇక ఆ కౌంటర్ దగ్గరికి వస్తాను. ఆ రోజు పది గంటలకే వరుస గుమ్మం దాటింది. ఆమె ముందు ఒక ముసలాయన పింఛను పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతని నంబరు కొట్టడం మొదలుపెట్టగానే బల్ల మీది ఫోను మోగింది. ఫోను పెట్టేసరికి స్క్రీను మీద గడువు దాటి, మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. మళ్ళీ నంబరు మొదలుపెట్టింది, మళ్ళీ ఫోను. పనికి అడ్డం వచ్చిన ప్రతిసారీ నేను కాగితం మీద ఒక గీత గీశాను. పన్నెండింటికి గీతలు మొదటి వరుస నిండి రెండో వరుస సగానికి వచ్చాయి. ముసలాయన విసుక్కున్నది ఫోను మీద కాదు, ఆమె మీద. వచ్చిన పనుల్లో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు, ఏ ఒక్కటీ మొదలుపెట్టిన వెంటనే పూర్తికాలేదు.

ఆ కాగితాన్ని ఆమెకే ఇచ్చాను. మరుసటి శనివారం కార్యాలయంలోని ఏడుగురు కూర్చుని మాట్లాడుకున్నారు. నేను అక్కడ ఉన్నాను కానీ సలహా చెప్పలేదు, చెప్పడానికి నా దగ్గర లేదు కూడా. పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఫోను వెనక బల్ల మీదికి పోవాలని, అక్కడ వంతుల ప్రకారం ఒకరు కూర్చోవాలని, పై కార్యాలయం అడిగే అంకెలు సాయంత్రం నాలుగు తరువాత ఒకేసారి పంపాలని వాళ్ళే తేల్చారు. అధికారి ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. రెండు నెలల తరువాత వెళ్ళి అడిగాను. "నెత్తినొప్పి పోలేదు సార్. కని ఇంటికి పోయినంక పోరగాండ్ల మీద అరుసుడు తక్కువైంది" అంది. ఇది ఒక్క కార్యాలయం, పోల్చడానికి రెండోది లేదు. నేను చెప్పిన నియమం ప్రకారం ఇది సాక్ష్యం కాదు. అయినా, ఉద్యోగులు పాల్గొన్న మార్పులు, పైనుంచి ఉత్తర్వుగా వచ్చిన మార్పులకన్నా నిలబడతాయని నాకు నమ్మకం కుదిరింది ఆ శనివారమే.

నిలబడతాయన్న మాటను కూడా కొంచెం సరిదిద్దుకోవాలి. ఏడాదికి ఆ అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారికి కౌంటర్ మీద ఫోను లేకపోవడం క్రమశిక్షణ లోపంగా కనిపించింది, మొదటి వారంలోనే దాన్ని తిరిగి పాత చోటికి తెప్పించారు. ఎవరో ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిన మార్పు ఆ మనిషితోపాటే రిలీవ్ అయిపోతుంది. వంతుల చార్టు నోటిమాటగా కాక ఆఫీసు ఆర్డరుగా ఉండి ఉంటే, మార్చడానికి కనీసం ఒక కారణం రాయవలసి వచ్చేది.

పోయిన నెల భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దటి నడకలో ఆమె కనిపించింది. ఫోను ఇంకా కౌంటర్ మీదే ఉందా అని అడిగాను. "ఉన్నది సార్. కని ఈసారి నోటితోని చెప్పలే. ఏడుగురం సంతకాలు పెట్టి రాసిచ్చినం, మీ గీతల కాగితం జిరాక్స్ తీసి దానికి కుట్టినం" అని చెప్పి, ఎనిమిదిన్నర బస్సు కోసం తొందరగా వెళ్ళిపోయింది.